నదితో పాటు మిల్లూ వచ్చింది

కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌ల్యాండ్ అండ్ లాబ్రడార్ అనే ప్రావిన్సు ఉంది. 2008 డిసెంబర్ 16న అక్కడి శాసనసభ ఒక బిల్లును ఒక్క రోజులోనే ప్రవేశపెట్టి, చర్చించి, ఏకగ్రీవంగా ఆమోదించింది. అబిటిబి బోవాటర్ అనే కాగితం కంపెనీకి ఆ ప్రావిన్సులో ఉన్న అడవి హక్కులు, నీటి హక్కులు, జలవిద్యుత్ కేంద్రాలు ఆ చట్టంతో ప్రభుత్వపరమయ్యాయి. గ్రాండ్ ఫాల్స్-విండ్సర్ పట్టణంలోని తన మిల్లును మూసేస్తున్నట్టు కంపెనీ ప్రకటించి అప్పటికి పన్నెండు రోజులే అయింది.

మిల్లు మూతపడితే కరెంటు కేంద్రాలు లాక్కోవడమేమిటి? జవాబు నూరేళ్ల నాటి ఒప్పందంలో ఉంది. లండన్‌లో డైలీ మెయిల్ పత్రిక నడిపిన హార్మ్స్‌వర్త్ సోదరులకు న్యూస్‌ప్రింట్ కావలసి వచ్చింది. న్యూఫౌండ్‌ల్యాండ్ అప్పటికి కెనడాలో కలవలేదు, బ్రిటిష్ వలస. కెనడాలో చేరింది 1949లో. చేపల వేట మీదే బతికే ఆ ప్రాంతానికి పరిశ్రమ కావాలి. 1905లో కుదిరిన ఒప్పందం ప్రకారం 99 ఏళ్ల లీజుకు, పొడిగించుకునే వీలుతో సహా, విస్తారమైన అడవులూ ఎక్స్‌ప్లాయిట్స్ నది నీటి మీద హక్కులూ వారి కంపెనీకి దక్కాయి. బదులుగా మిల్లు పెట్టి ఉపాధి చూపాలి. 1909లో మిల్లు మొదలైంది. కాలక్రమంలో ఆ మిల్లూ హక్కులూ అబిటిబి బోవాటర్ చేతికి వచ్చాయి.

న్యూస్‌ప్రింట్ తయారీకి దుంగలను పెద్ద రాళ్ల మీద అరగదీసి గుజ్జు చేసేవారు. దానికి కరెంటు విపరీతంగా కావాలి. అందుకే మిల్లును జలపాతం పక్కనే కట్టారు. దుంగలను తేల్చుకొచ్చేదీ నదే, యంత్రాలను తిప్పేదీ నదే. మిల్లు లేకపోతే ఆ నీటి హక్కును కంపెనీ చేతిలో పెట్టవలసిన అవసరమే ప్రభుత్వానికి లేదు.

ఇంటర్నెట్ వచ్చాక పత్రికలు సన్నబడ్డాయి. కాగితానికి గిరాకీ పడిపోయింది, కరెంటుకు మాత్రం పడిపోలేదు. మిల్లు మూసి, నీటి హక్కులు అట్టిపెట్టుకుంటే కాగితం కంపెనీ కాస్తా కరెంటు అమ్ముకునే కంపెనీ అయిపోతుంది. లేదా ఆ హక్కులనే అమ్మేసుకుంటుంది. అప్పటి ప్రీమియర్ (ప్రావిన్సు ప్రభుత్వ అధినేత) డానీ విలియమ్స్ అభ్యంతరం ఇదే: మిల్లు కోసం ఇచ్చినవి, మిల్లు పోయాక మీకెందుకు? నా దృష్టిలో అది న్యాయమైన ప్రశ్నే.

పాత గాయం కూడా ఒకటుంది. లాబ్రడార్‌లోని చర్చిల్ ఫాల్స్ కరెంటును 1969 ఒప్పందంతో పొరుగునున్న క్యూబెక్ సంస్థకు 2041 దాకా కారుచౌకగా రాసిచ్చేశారు. లాభమంతా పొరుగువారికే పోయిందన్న కడుపుమంట అక్కడ ఇంటింటా ఉంది. శాసనసభలో ఒక్క ఓటూ వ్యతిరేకంగా పడకపోవడానికి అదీ ఒక కారణమనుకోవచ్చు.

చట్టపరంగా ప్రావిన్సు స్థానం గట్టిదే. కెనడా రాజ్యాంగంలో 1867 నాటి 109వ సెక్షన్ ప్రకారం భూములు, ఖనిజాలు ప్రావిన్సులవి. 1982లో చేర్చిన 92ఏ సెక్షన్ అడవుల మీద, విద్యుదుత్పత్తి మీద వాటి అధికారాన్ని స్పష్టం చేసింది. మన రాజ్యాంగంలో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసినా దానికి 300ఏ అధికరణం రక్షణ ఉంది. కెనడా హక్కుల పత్రంలో ఆస్తి ఊసే లేదు. కాబట్టి అడవి, నీటి హక్కులకు పరిహారం లేదని, కోర్టుకు వెళ్లడానికి వీల్లేదని చట్టంలోనే రాసేశారు. విద్యుత్ కేంద్రాలకు మాత్రం, ఇవ్వదలిస్తే, ప్రభుత్వం పరిహారం ఇవ్వవచ్చు. ఈ కేంద్రాల్లో అప్పటికి ఫోర్టిస్, ఎనెల్ అనే వేరే కంపెనీలకూ వాటాలుండేవి.

దేశంలో దారి మూసుకుపోయినా కంపెనీకి బయట ఇంకో దారి దొరికింది. అప్పట్లో దాని ప్రధాన కార్యాలయం మాంట్రియల్‌లో ఉన్నా, నమోదు అమెరికాలోని డెలావేర్‌లో ఉండేది. దాంతో ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద అది విదేశీ పెట్టుబడిదారు. సుమారు 50 కోట్ల కెనడా డాలర్లు ఇవ్వాలని దావా వేసింది. ప్రావిన్సు ఆ ఒప్పందంలో పక్షం కాదు, సంతకం పెట్టింది కేంద్రం. చట్టం చేసినవారు ఒకరు, జవాబు చెప్పవలసినవారు మరొకరు. 2010 ఆగస్టులో, తప్పొప్పులు తేలకుండానే, కేంద్రం 13 కోట్ల డాలర్లకు రాజీ పడింది. నీటి హక్కు ప్రజలదే అయినా, దాన్ని తిరిగి తీసుకున్నందుకు డబ్బు కట్టడం ప్రమాదకరమైన ఆనవాయితీ అన్న విమర్శ అప్పుడే వచ్చింది. ఆ వాణిజ్య ఒప్పందం స్థానంలో 2020 జూలై 1న వచ్చిన కొత్తదానిలో, అమెరికా కంపెనీలు కెనడాపై ఇలా దావా వేసే ఏర్పాటును ఎత్తేశారు.

కథలో అసలు చేదు ఇకముందుంది. తీసుకోవలసిన ఆస్తులను గుర్తించడంలో హడావిడి పడ్డారు. ప్రభుత్వం వద్దనుకున్నది ఒక్క మిల్లునే, దాని చుట్టూ దశాబ్దాలుగా పేరుకున్న కాలుష్యాన్నే. తీరా చూస్తే ఆ మిల్లు కూడా చట్టంలోకి వచ్చేసింది! ఈ సంగతి 2010లో ప్రభుత్వమే ఒప్పుకుంది.

ఈలోగా 2009 ఏప్రిల్‌లో కంపెనీ అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరింది. ఆ నవంబర్‌లో పాత మిల్లు స్థలాలు, బకాన్స్ గని వంటి అయిదు చోట్ల కాలుష్యం తొలగించాలని ప్రావిన్సు ఉత్తర్వులిచ్చింది. కంపెనీ కాదంది. 2012 డిసెంబర్ 7న కెనడా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో, ఆ ఉత్తర్వులు కూడా డబ్బు బకాయి లాంటివే, ప్రభుత్వం మిగతా అప్పులవాళ్లతో పాటు వరసలో నిలబడాల్సిందేనని తేల్చింది. అంటే శుభ్రం చేసే ఖర్చు చాలావరకు జనం నెత్తినే పడింది.

మిల్లు చట్టంలో చేరకపోయినా, చితికిపోయిన కంపెనీ నుంచి ఎంత రాబట్టగలిగేవారో చెప్పలేం. కానీ ఆస్తుల జాబితా సరిచూసుకోవడానికి శాసనసభ ఇంకో వారం ఆగి ఉండాల్సింది. నది ఎక్కడికీ పారిపోదు కదా.