కొండ సరే... బురద సంగతేంటి?

మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్ వెళ్లే రైలు దారిలో ఎడేల్ అని చిన్న స్టేషన్ ఉంది. దిగి చూస్తే పచ్చటి లోయ, చుట్టూ కొండలు. వాటిలో ఎత్తయిన కిండర్ స్కౌట్ 636 మీటర్లు. మన తిరుమల కొండే దానికంటే ఎత్తు. ‘ఓస్, ఇంతేనా’ అనిపించేది అక్కడే, చిక్కు మొదలయ్యేదీ అక్కడే.

ఆ లోయ చుట్టూ కొండల అంచులన్నిటినీ కలుపుతూ సాగే నడకకు ఎడేల్ స్కైలైన్ అని పేరు. సుమారు 32 కిలోమీటర్లు. గట్టు దిగడం, మళ్లీ ఎక్కడం... అలా మొత్తం ఎక్కేది 1,300 మీటర్ల పైచిలుకు. అలిపిరి మెట్ల మీదుగా తిరుమలకు రెండుసార్లు ఎక్కినంత. ఆ మెట్ల దారికి నీడ ఉంది, నీళ్లున్నాయి, అడుగడుగునా మనుషులున్నారు. ఇక్కడ గాలి, రాళ్లు, నల్లటి బురద. చదువులకీ ఉద్యోగాలకీ ఇంగ్లండ్ వెళ్లిన మనవాళ్లు వారాంతంలో ఇలాంటి కొండల వైపు బయల్దేరుతుంటారు. వాళ్ల కోసం, రేపో మాపో వెళ్లబోయే వాళ్ల కోసం ఈ కబుర్లు.

ముందు లెక్క తేల్చుకోవాలి. కొండ నడకకు ఎంతసేపు పడుతుందో అంచనా కట్టడానికి 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. నేటి కొలతల్లో అది గంటకు 5 కిలోమీటర్లు, పైగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. ఆ ప్రకారం స్కైలైన్‌కు ఎనిమిదిన్నర గంటల పైనే పడుతుంది. అదీ మంచి దారిలో, ఎక్కడా ఆగకుండా, గట్టి మనిషి నడిస్తే. బురదలో తడబాట్లు, తిండి, ఊపిరి పీల్చుకునే విరామాలు కలిపితే పది పన్నెండు గంటలు. జూన్‌లో అక్కడ పగలు దాదాపు 17 గంటలుంటుంది కాబట్టి దిగుల్లేదు. డిసెంబరులో ఏడున్నర గంటలే. తొలిసారి వెళ్లేవాళ్లు మే నుంచి ఆగస్టు లోపు పెట్టుకోవడమే తెలివి. ఏ నెలైనా సంచిలో హెడ్‌ల్యాంప్ ఉండాల్సిందే.

ఇక బురద. అది మన పొలంలో వాన పడితే అయ్యే బురద కాదు. చలికీ తేమకీ మొక్కలు పూర్తిగా కుళ్లకుండా పొరలు పొరలుగా పేరుకుంటే పీట్ అనే నల్లమట్టి తయారవుతుంది. ఏడాదికి మిల్లీమీటరు పెరిగితే ఎక్కువ. అంటే మీటరు లోతు ఊబిలో కాలు పడిందంటే వెయ్యేళ్ల కిందటి నేలను తాకినట్టే. ఈ మట్టిని పట్టి ఉంచే నాచును మాంచెస్టర్, షెఫీల్డ్ పొగగొట్టాల మసీ గంధకమూ కలిసి తరాల పాటు చంపేశాయి. కప్పు పోయిన మట్టిని వాన కోసేసింది. పీఠభూమి నిండా మనిషిని మింగేంత లోతు చాళ్లు పడ్డాయి. పొగమంచు దిగిందా, ఏ చాలులో ఉన్నామో, ఎటు పోతున్నామో తెలియదు. 2003 నుంచి ఒక పెద్ద పునరుద్ధరణ ప్రయత్నం నడుస్తోంది. చాళ్లకు అడ్డుకట్టలు వేసి, నాచు నాటుతున్నారు. కొండకు అది ప్రాణం పోయడమే. నడిచేవాళ్లకు మాత్రం తడి ఇంకాస్త ఎక్కువ!

ఈ నేలకో రంగుల భాష ఉంది. ఊదాపూల హీదర్ పొదలున్న చోటు కొంత గట్టి. మెరిసే లేతాకుపచ్చ నాచు కనిపిస్తే కింద నీళ్లే. వేసవి మొదట్లో పత్తి పింజల్లా తెల్లగా ఊగే గడ్డి ఉంటే, ఫొటో తీసుకుని పక్కనుంచి పోవాలి. ముందు చేతికర్రతో పొడిచి చూడాలి, తర్వాతే కాలు. మోకాలి దాకా దిగబడితే నిలువునా లాక్కోకూడదు. వెనక్కి వాలి, బరువు పరుచుకుని, మెల్లగా కదిలించి తీయాలి.

గట్లు మరీ ఛిద్రమైన చోట్ల దారికి రాతి పలకలు పరిచారు. ఈ దారితో కొంతమేర కలిసే పెన్నైన్ వే అనే నడకదారి మీద అలాంటి పలకలు చాలా ఉన్నాయి. వాటిలో అనేకం మూతపడి కూల్చేసిన నూలు మిల్లుల గచ్చులే. కొన్నింటి మీద యంత్రాలు బిగించిన రంధ్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి. మన చేనేతను దెబ్బతీసింది లాంకషైర్ మిల్లుల వస్త్రమే. విదేశీ వస్త్ర బహిష్కరణ తర్వాత, 1931లో గాంధీజీ వెళ్లి కలిసిందీ ఆ మిల్లు కార్మికులనే. అలాంటి మిల్లుల గచ్చు మీద ఇవాళ మనవాళ్ల బూట్లు పడుతున్నాయి. వానలో, మంచులో ఆ పలకలు నున్నగా జారతాయి. చరిత్ర తలుచుకోవాలంటే ఆగి తలుచుకోండి.

కాళ్ల కింద నూలు మిల్లు ఉండొచ్చు గానీ ఒంటి మీద నూలు వద్దు. తడిసిన జీన్స్, కాటన్ టీషర్ట్ ఆరవు, గాలికి ఒంట్లో వేడిని లాగేస్తాయి. మంచు కురవక్కర్లేదు, ఆరేడు డిగ్రీల్లో వానా గాలీ చాలు, ఒళ్లు స్వాధీనం తప్పడానికి. ఒంటికి ఆనుకుని ఉన్ని లేదా పాలిస్టర్, దానిమీద ఫ్లీస్, పైన వానకోటు, వాన ప్యాంటు. చాలామంది కోటుకు డబ్బు పోసి ప్యాంటు మర్చిపోతారు. బూట్ల మీద వాదనలు తెగవు. నీరు చొరని బూట్లు మంచివేగానీ, నీళ్లు పైనుంచి దిగితే అవే లోపల పట్టి ఉంచుతాయి. కాబట్టి మడమ నుంచి మోకాలి దాకా కప్పే గెయిటర్లు తప్పనిసరి. పాలిథిన్ కవర్లో రెండు జతల పొడి మేజోళ్లు ఉంటే బ్రాండ్ గొడవ అక్కర్లేదని నా తీర్పు.

శరీరాన్ని సిద్ధం చేయడంలో మనకో లోపం ఉంది. మెట్లెక్కి తిరుమల చేరతాం, బస్సులో దిగొచ్చేస్తాం. మోకాళ్లకు ఎక్కడమే తెలుసు. స్కైలైన్‌లో విన్ హిల్, మామ్ టోర్, లూజ్ హిల్ ఎక్కినన్నిసార్లు దిగాలి, అలసిపోయాక అసలు పరీక్ష దిగడమే. రెండు మూడు నెలల ముందు నుంచి బరువు సంచితో మెట్లు ఎక్కి, నడిచే దిగాలి. లిఫ్ట్ ముట్టుకోవద్దు. వారాంతాల్లో 10, 15, 20 కిలోమీటర్లు పెంచుకుంటూ పోవాలి, వాన రోజున కూడా. తిండికి పులిహోర, చిక్కీ, ఫ్లాస్కులో టీ చాలు.

ఫోన్ మ్యాప్ ఒక్కటే నమ్ముకోవద్దు. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ఈ కొండలున్న డార్క్ పీక్ ప్రాంతపు 1:25,000 కాగితం మ్యాప్, దిక్సూచి ఉండాలి, చూడటమూ వచ్చుండాలి. ఈ దారిలో మంచి సంగతేమిటంటే, ఎడేల్ స్టేషన్ నడుమన ఉంది. జేకబ్స్ ల్యాడర్ దగ్గరా, హాలిన్స్ క్రాస్ దగ్గరా లోయలోకి దిగిపోవచ్చు. ఫలానా టైముకి ఫలానా చోటు దాటకపోతే దిగిపోతామని ఇంట్లోనే నిర్ణయించుకోండి, పైకెక్కాక పౌరుషం అడ్డొస్తుంది. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒకరికి చెప్పి వెళ్లండి.

ఆపదలో 999కి ఫోన్ చేసి ముందు పోలీసుల్ని, తర్వాత మౌంటెన్ రెస్క్యూని అడగాలి. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు. ఆ పిలుపు విని వానలో వచ్చేవాళ్లు జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులు.