చిత్రించిన చేయి ఎవరిది?

తిరుపతికి సుమారు 36 కిలోమీటర్ల దూరాన, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న శ్రీకాళహస్తి శివక్షేత్రంగా సుప్రసిద్ధం. కలంకారీ అనే వస్త్రచిత్రకళ వల్ల కూడ ఆ ఊరి పేరు దూరదేశాలకు ప్రాకినది. ఒకనాడు ఆలయాల తెరలకు, తేరుల అలంకారానికి వినియోగపడిన ఈ విద్య ఆదరణ తరిగి క్షీణించినది. 1950లలో కమలాదేవీ చట్టోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం ఏర్పడి, అది మరల చిగురించినది. ఈ కళకు గాను జొన్నలగడ్డ గురప్పశెట్టిగారు 2008లో పద్మశ్రీ పొందినారు.

వారి కీర్తి మనకు గర్వకారణం. అయితే నేడు ఈ పట్టణంలోను, పరిసర గ్రామాలలోను కలం పట్టి కుటుంబాలను పోషిస్తున్నవారిలో స్త్రీలెందరో ఉన్నారు. వారి శ్రమ ఎట్టిదో విద్యార్థులు తెలిసికొనదగినది. నూలుబట్టను కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి ఆరవేస్తారు. పాలలోని జిడ్డు రంగును ప్రక్కలకు ప్రాకనీయదు. చింతపుల్లల బొగ్గుతో రూపురేఖలు దిద్దుతారు. పిమ్మట ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టిన ద్రవంలో, గుడ్డ చుట్టిన వెదురు కలాన్ని ముంచి గీస్తారు. కరక్కాయలోని వగరు తగిలి ఆ గీత గాఢమైన నలుపుగా మారుతుంది. పటికనీరు పూసిన తావులే ఎరుపును నిలుపుకొంటాయి. ఒక్కొక్క రంగుకు మరల ఉతకడం, మరల ఎండబెట్టడం. నల్లగీత ఒకసారి పడినచో దానిని చెరపడం సులభం కాదు.

ఇంత నేర్పుతో వెలసిన వస్త్రం అంగడికి చేరేసరికి దానికి ఊరి పేరు మిగులుతుంది. వ్రాసిన ఆమె పేరు తరచుగా మిగలదు.

ఇచ్చట అమెరికా దేశపు ముచ్చట ఒకటి స్మరింపదగినది. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన అన్నా మేరీ రాబర్ట్‌సన్ మోసెస్ (1860-1961) సేద్యపు కుటుంబపు ఇల్లాలు. కీళ్లవాతంతో సూదిపని సాగక, డెబ్బది యేండ్లు దాటిన పిదప ఆమె కుంచె పట్టినది. తన పల్లె బ్రతుకునే చిత్రించినది. 1938లో ఆమె చిత్రాలు ఒక మందుల దుకాణపు కిటికీలో మూడు, ఐదు డాలర్ల వెలకు ఉండగా, చిత్రాలు సేకరించే ఒకాయన వానిని చూచి కొన్నాడు. అంతటితో ఊరుకోక, వ్రాసినదెవరో విచారించి ఆమె ఇంటిని వెదకికొంటూ వెళ్లినాడు. 1940లో న్యూయార్క్ నగరంలో ఆమె చిత్రాల ప్రత్యేక ప్రదర్శన జరిగినది.

ఆమె ప్రతిభ ఆ విచారణకు ముందే ఉన్నది. లోకం దానిని ఎరిగినది ఆ విచారణ తరువాతనే. మన ఉపాధ్యాయులు పిల్లలను శ్రీకాళహస్తికి తీసికొని పోయినపుడు, ప్రతి వస్త్రం ముందు నిలిచి ‘దీనిని వ్రాసినదెవరు?’ అని అడగడం నేర్పవలెను. కొనేవారు అడిగితే అమ్మేవారు చెప్పక తప్పదు. పేరు తెలిసిననాడే తన పనికి తగిన వెల అడిగే ధైర్యం ఆ చేతికి కలుగుతుంది.