కొత్త కార్నియాను ఒళ్లు కాదంటే

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోనే 50,000కు పైగా కార్నియా మార్పిడులు జరిగాయి. మన ఇళ్లలో చాలామంది దాత ఇచ్చిన పొరతో చూస్తున్నారు. అలాంటి కన్ను ఎర్రబడితే ‘దుమ్ము పడిందేమో, రెండు రోజులు చూద్దాం’ అనుకుంటాం. ఎందుకు ఆగకూడదో చూద్దాం.

కార్నియా అంటే నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పొర. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు. లోపలివైపు ఒకే వరుసలో ఉన్న కణాలు అందులో చేరే నీటిని తోడేస్తుంటాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి కంట్లో గసగసాల గింజంత చోటులో ఇవి సుమారు 2,500 ఉంటాయి. పోయిన కణానికి బదులు కొత్తది పుట్టదు.

ఒంట్లోని రోగనిరోధక శక్తి దాత పొరను పరాయిదనుకుని దానిపై దాడి చేయడమే రిజెక్షన్. ఆ దాడిలో నీటిని తోడే కణాలు తగ్గితే పొర ఉబ్బి మసకబారుతుంది.

ఎంతమందికి వస్తుంది? అమెరికాలో ఒక వైద్య బృందం 2012లో ప్రచురించిన లెక్క ఇది: రెండేళ్లలో, పూర్తి మందం మార్చినవారిలో నూటికి 18 మందికి, లోపలి పొరను సన్నని పలకతో కలిపి మార్చినవారిలో 12 మందికి, అతి పల్చటి లోపలి పొర మాత్రమే మార్చినవారిలో ఒక్కరికి. ఏళ్ల తర్వాతా రావచ్చు.

ఎలా గుర్తుపట్టాలి? ఎరుపు, వెలుతురు భరించలేకపోవడం, చూపు మసక, నొప్పి. నాలుగూ కలిసి రావాలని లేదు, ఒక్కటి చాలు. రోజూ ఉదయం రెండో కన్ను మూసి, ఒకే దూరం నుంచి గోడమీది క్యాలెండర్ చదవండి. నిన్న కనబడిన అంకెలు ఇవాళ కనబడకపోతే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏ ఇబ్బందీ తెలియకుండానూ రిజెక్షన్ మొదలవుతుంది, అందుకే చెకప్ మానకూడదు.

చికిత్స? ఎక్కువగా స్టెరాయిడ్ చుక్కలే. తొలి రోజుల్లో గంటకోసారి వేయమంటారు. 5 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు వంద చుక్కలు, మెలకువగా ఉండే 16 గంటలకు 16 చుక్కలు. అంటే సీసా ఆరు రోజులకే అయిపోతుంది. పొదుపు చేయకుండా ముందే రెండోది తెచ్చుకోండి.

ఇంట్లో ఉన్న పాత సీసా వేసుకోవచ్చా? వద్దు. ఎరుపు ఇన్ఫెక్షన్ వల్లా వస్తుంది, దాన్ని స్టెరాయిడ్ మరింత ముదరబెడుతుంది. ఎరుపు దేనివల్లో తేల్చాల్సింది డాక్టరే.

స్టెరాయిడ్ వల్ల కంటి ఒత్తిడి పెరగదా? పెరగవచ్చు, శుక్లమూ రావచ్చు. అందుకు పరీక్షలు చేయించుకోవాలి తప్ప, సొంతంగా మందు ఆపకూడదు.

రిజెక్షన్ వచ్చిందంటే చూపు పోయినట్టు కాదు. త్వరగా మందు పడితే చాలా కళ్లు మళ్లీ తేటపడతాయి. ఆలస్యమైన ప్రతి రోజూ మళ్లీ పుట్టని కణాలను తీసుకుపోతుంది. కాబట్టి ఆసుపత్రి నంబరు ఆ క్యాలెండర్ మీదే రాసిపెట్టుకోండి.