జేబుకు అందిన ల్యాబ్

వాషింగ్ మెషీన్‌లో నీళ్లు ఎప్పుడు ఆగాలో, మైక్రోవేవ్ ఒవెన్ ఎంతసేపు తిరగాలో నిర్ణయించేది మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్. ఇంజనీరింగ్ విద్యార్థిని దీనికి దూరంగా నిలబెట్టింది చిప్ ధర కాదు, దానికి పని నేర్పే పరికరాల ధర.

ఇంటెల్ 1980లో తెచ్చిన 8051 మన కాలేజీల్లో తరాల తరబడి పాఠ్యాంశం. ఆ కుటుంబంలోని 8751 చిప్‌లో ఒక్క లైను తప్పు రాసినా దాని గాజు కిటికీపై అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసి, పాత కోడ్ చెరిగేదాకా ఆగాలి. ఆ దీపం, కోడ్ ఎక్కించే ప్రోగ్రామర్, కంపైలర్... ఇవి కొనగలిగింది కాలేజీలే. ల్యాబ్ గంట అయిపోతే ప్రయోగమూ అయిపోయినట్టే.

1990లలో ఫ్లాష్ మెమరీ చిప్‌లు రావడంతో చెరపడం క్షణాల పనైంది. అట్మెల్ సంస్థ ఏవీఆర్ చిప్‌లకైతే బోర్డు మీద ఉండగానే కోడ్ ఎక్కించవచ్చు. కంప్యూటర్ ప్రింటర్ పోర్టు, నాలుగు తీగలు, కొన్ని రెసిస్టర్లు ఉంటే ప్రోగ్రామర్ సిద్ధం. కంపైలర్ ఉచితం. ప్రింటర్ పోర్టులు కనుమరుగయ్యాక థామస్ ఫిష్ల్ అనే జర్మన్ యూఎస్‌బీఏఎస్‌పీ డిజైన్‌ను అందరికీ ఇచ్చేశారు. అందులో ఉన్నదీ ఒక చౌక మైక్రోకంట్రోలరే. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డ్యునోతో వేరే ప్రోగ్రామర్ అవసరమే తప్పింది. యూఎస్‌బీ కేబుల్ చాలు. పైగా ఒక ఆర్డ్యునోనే మరో చిప్‌కు ప్రోగ్రామర్‌గా వాడుకోవచ్చు. అంటే, హాస్టల్ గదిలో ఒకరి దగ్గరుంటే మిగతావారికీ పని జరుగుతుంది.

పుదుచ్చేరి లాంటి పట్టణానికి ఈ మార్పు విలువ ఎక్కువ. దక్షిణాదిలో పేరున్న ఎలక్ట్రానిక్స్ బజారు, చెన్నైలోని రిచీ స్ట్రీట్, ఇక్కడికి సుమారు 150 కి.మీ. దూరం. ఇక్కడి ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ 2020లో పుదుచ్చేరి టెక్నలాజికల్ యూనివర్సిటీగా మారింది. అక్కడ చదివే వారిలో యానాం తెలుగు విద్యార్థులూ ఉంటారు. సుమారు 840 కి.మీ. దూరంలోని ఇంటికి సెలవులకు వెళ్తూ కాలేజీ ల్యాబ్‌ను ఎవరూ మోసుకెళ్లలేరు. బోర్డునైతే సంచిలో వేసుకుని వెళ్లొచ్చు. డిజైన్లు దాచకూడదనే ఆలోచనకు పట్టణంలో మద్దతూ ఉంది. ఇక్కడి స్వచ్ఛంద సంస్థ పేరే ఫ్రీ సాఫ్ట్‌వేర్ హార్డ్‌వేర్ మూవ్‌మెంట్. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థదీ ఇదే బాట.

చౌకకూ ఒక ధర ఉంది. యూఎస్‌బీ చిప్‌లు తయారుచేసే ఎఫ్‌టీడీఐ 2014లో విడుదల చేసిన డ్రైవర్ నకిలీ చిప్‌లను పనికిరాకుండా చేసింది. అసలేదో నకిలీ ఏదో తెలియక కొన్నవారూ నష్టపోయారు. ఇక చౌక ప్రోగ్రామర్లు చాలావరకు కోడ్‌ను ఎక్కిస్తాయే తప్ప లోపం ఎక్కడుందో చూపవు. అది డీబగ్గర్ పని. 2021లో నాలుగు డాలర్లకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో ఆ లోటునూ తీర్చింది. రెండు పికోలు కొంటే ఒకటి రెండోదానికి డీబగ్గర్ అవుతుంది.

పరికరం చేతికి వచ్చింది. అయినా మార్కులు తప్పుల్లేని రికార్డుకే పడితే విద్యార్థి దానితో సాహసం చేయడు. గంట కొట్టాక కూడా తప్పు చేసి, దిద్దుకుని, మళ్లీ ప్రయత్నించే వీలే ఈ చౌక బోర్డు ఇచ్చిన అసలు లాభం. సిలబస్ కూడా ఆ వీలు ఇవ్వాలి.