రెండవ ద్వారం ఎప్పుడు తెరవవలెను?

పటాన్‌చెరుకు చేరువనున్న పాశమైలారం పారిశ్రామికవాడలో ఒక మందుల కర్మాగారాన్ని ఊహించుకొనండి. సాయంకాలానికి లారీ నిండినది. అయినను కదలదు. 2018 నుండి యాభైవేల రూపాయల విలువ మించిన సరకు రోడ్డెక్కవలెనన్న, సాధారణంగా ఈ-వే బిల్లు ఉండవలెను. ఆ బిల్లు మామూలుగా ఇంటర్నెట్టు ద్వారా రావలెను. ఆ పూట ఇంటర్నెట్టు లేదు.

కర్మాగారంలోని కంప్యూటర్లన్నీ ఒక యంత్రం గుండానే బయటి ప్రపంచంతో మాట్లాడుతాయి. దానిని గేట్‌వే అంటారు. అది ఆగితే అన్నీ ఆగుతవి. కనుక రెండవ గేట్‌వేను కొని ఉంచుతారు. కాని కొన్నంతమాత్రాన పని తీరదు. మొదటిది పడిపోయినదని నిర్ణయించేదెవరు? ఎంతసేపటికి? కోలుకొన్న తరువాత దానికి తిరిగి బాధ్యత అప్పగించేదెప్పుడు?

మనిషి వచ్చి తీగ మార్చుట ఒక పద్ధతి. చిన్న కార్యాలయానికి అది చాలును. రాత్రి షిఫ్టు నడిచే చోట చాలదు.

రెండవది వి.ఆర్.ఆర్.పి. అనే పద్ధతి. దీని ప్రమాణం 1998లో వెలువడినది. ఇందులో రెండు యంత్రాలకు ఉమ్మడిగా ఒక చిరునామా ఉంటుంది. ప్రధాన యంత్రం మామూలుగా సెకండుకొకసారి ‘నేనున్నాను’ అని తెలుపుతుంది. మూడు సెకండ్లకు కొంచెం మించి ఆ పలుకు వినరాకపోతే, రెండవది ఆ చిరునామాను స్వీకరిస్తుంది. కంప్యూటర్లలో ఏమియు మార్చనక్కరలేదు.

మూడవ పద్ధతిలో రెండును ఎల్లప్పుడు పనిచేస్తాయి. పెట్టిన ధనం వృథా కాదు. అయితే రెండింటి భారం కలిపి ఒక్కదాని శక్తిని మించరాదు. మించినచో ఒకటి పడిన నాడు రెండవదియు కుంగుతుంది.

ఎంత త్వరగా మార్చవలెనన్నది మా ప్రసారశాలలో నిత్యం ఎదురయ్యే ప్రశ్నే. నిశ్శబ్దం వినిపించినప్పుడు, వక్త ఊపిరి తీసుకొనుటకు ఆగినాడా, యంత్రమే ఆగినదా? తొందరపడితే మంచి ప్రసంగం తెగుతుంది. ఆలస్యమైతే శ్రోత పోతాడు. గేట్‌వే సంగతియు ఇంతే. పైగా రెండింటి నడుమ తీగ మాత్రమే తెగితే, ఎదుటిది పోయినదని తలచి రెండవదియు అధికారం చేపట్టును. ఒకే చిరునామాకు ఇద్దరు యజమానులు ఏర్పడుదురు.

మరొక చిక్కు కలదు. గేట్‌వే కులాసాగా ‘నేనున్నాను’ అంటూనే ఉండవచ్చు. దాని వెనుక రోడ్డు తవ్వకంలో కేబులు తెగి ఉండవచ్చు. కనుక యంత్రాన్నే గాక, అవతలి దారిని కూడ పరీక్షించే ఏర్పాటు ఉండవలెను. రెండు కేబుళ్ళు ఒకే కందకంలో పోతే అవి రెండు దారులు కావు. పటాన్‌చెరులోనే 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ, తన విత్తన నిధిలోని జొన్న, సజ్జ, కంది మొదలగు వాటి నకళ్ళను నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచుకొండ గర్భాన కూడ దాచినది. నకలు దూరాన ఉన్నప్పుడే రక్షణ.

కనుక ఇట్టి కర్మాగారానికి రెండవ పద్ధతి, వేర్వేరు మార్గాల కేబుళ్ళతో, ఉచితమని తోచును. కోలుకొన్న ప్రధాన యంత్రానికి వెంటనే బాధ్యత ఇవ్వరాదు. కొంతసేపు నిలకడ చూచి ఇవ్వవలెను. లేనిచో అది లేచుచు పడుచు అందరినీ వేధించును.

అన్నిటికన్న ముఖ్యం, నెలకొకసారి, పని తక్కువగానున్న వేళ, ప్రధాన యంత్రాన్ని కావలెననియే ఆపి చూడవలెను. లారీ నిండిన సాయంకాలం పరీక్షకు తగిన సమయం కాదు.