పడిన మోటారుసైకిలు

మా బెళుగుప్ప సీమలో వాన యరుదు. కురిసిననాఁడు మాత్రము ముంగిటి మన్ను మెత్తనై, స్టాండు దిగఁబడి, మోటారుసైకిలు ప్రక్కకుఁ బడుట కలదు. అట్టియెడ మొదట తాళము త్రిప్పి యింజను నాపవలయును. పెట్రోలు కాఱినచో పొయ్యినిప్పును దాపునకు రానీయరాదు. నడుము వంపక, మోఁకాళ్ళ బలమునఁ బండిని లేపవలయును.

రంగు పోయినందులకుఁ జింతింప నక్కఱలేదు. యాక్సిలరేటరు వదలినతోడనే స్వస్థానమునకు రావలయును. నాలుగడుగులు త్రోసి బ్రేకు పట్టిచూడవలయును. వంగిన అల్యూమినియపు లివరును బలిమిని సరిచేయఁబోయిన విఱుగవచ్చును. క్రొత్తది వేయించుటయే మేలు. ఇవి చూడక పిల్లలతోఁ గల్యాణదుర్గమునకు బయలుదేరుట ప్రాణములతోఁ జెలగాటము.

ఇఁక స్టాండుక్రింద నొక బండపలక నుంచుఁడని మా మనవి. మన సీమలో ఱాతికిఁ గొదువలేదు గదా!