ఊరూ ఇంటి నంబరూ: అమెరికాలో చెక్, స్లోవాక్ వంశాన్వేషణ

పందొమ్మిదో శతాబ్దపు నడిమి కాలం నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా మధ్య ఐరోపాలోని బొహీమియా, మొరావియా సీమల నుంచి చెక్‌లు, కార్పేథియన్ కొండ ప్రాంతాల నుంచి స్లోవాక్‌లు లక్షల సంఖ్యలో అమెరికా చేరారు. చెక్‌లలో చాలామంది అయోవా, నెబ్రాస్కా, మిన్నెసోటా, టెక్సాస్‌లలో సేద్యానికి దిగగా, కొంత ఆలస్యంగా బయలుదేరిన స్లోవాక్‌లు ఎక్కువగా పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లోనూ, పిట్స్‌బర్గ్, క్లీవ్‌లాండ్ ఉక్కు కార్ఖానాల్లోనూ కుదిరారు. మూడు నాలుగు తరాలు గడిచేసరికి చాలా ఇళ్లలో భాష పోయి, పిండివంటలూ పోల్కా నాట్యమూ మిగిలాయి. తమ పూర్వికులది ఏ ఊరో, ఏ ఇల్లో తెలుసుకోదలచినవారికి ఆసరాగా వెలసినవి వంశచరిత్ర సంఘాలు. వాటిలో పేరెన్నికగన్న చెకోస్లొవాక్ జీనియలాజికల్ సొసైటీ ఇంటర్నేషనల్ 1988లో మిన్నెసోటాలో స్థానిక సంఘంగా మొదలై, తరువాత పేరుకు తగ్గట్టు అంతర్జాతీయమైంది. ‘నాషె రొడినా’, అంటే ‘మా కుటుంబం’, అనే త్రైమాసిక పత్రికను నడుపుతూ గ్రంథాలయాన్ని పోషిస్తోంది. 1993 జనవరి 1న చెకోస్లొవాకియా రెండు దేశాలుగా విడిపోయినా సంఘం ఆ ఉమ్మడి పేరును వదలలేదు.

ఈ అన్వేషణలో మొదటి చిక్కు ఊరి పేరే. 1918 అక్టోబరు 28కి ముందు చెకోస్లొవాకియా అనే దేశమే లేదు. బొహీమియా, మొరావియాలు ఆస్ట్రియా ఏలుబడిలోనూ, స్లోవాక్ ప్రాంతం హంగరీ రాజ్యంలోనూ ఉండేవి కనుక, అమెరికా జనగణన పత్రాల్లో పుట్టిన చోటు దగ్గర తరచు ‘ఆస్ట్రియా’, ‘హంగరీ’ అనే ఉంటుంది తప్ప గ్రామం ఊసు ఉండదు. ఓడ ప్రయాణికుల జాబితాలు చూద్దామంటే, హాంబర్గ్ రేవువి 1850 నుంచి నిలిచి ఉన్నాయి గాని బ్రెమెన్ రేవువి చాలావరకు నశించాయి. పైగా అమెరికా చెక్‌లలో గణనీయమైన భాగం చర్చికి దూరమైన స్వేచ్ఛాచింతకులు కావడంతో వారి పేర్లు అక్కడి చర్చి రికార్డుల్లోనూ దొరకవు. అటువంటివారి జాడ 1854లో సెయింట్ లూయిస్‌లో పుట్టిన సి.ఎస్.పి.ఎస్. వంటి పరస్పర సహాయక సంఘాల దస్తావేజుల్లోనూ, చెక్ భాషా పత్రికల మరణవార్తల్లోనూ, సమాధి రాళ్లపైనా వెతకాలి. ఆ రాళ్లపై చెక్కిన అక్షరాలను నకలు చేసి జాబితాలు కట్టడం పైకి నీరసమైన పనిగా కనిపించినా, ఊరి పేరు బయటపడేది పెక్కుసార్లు అక్కడే.

ఊరు తెలిశాక దారి సుగమమవుతుంది. చెక్ సీమల్లో సైనిక సమీకరణ కోసం 1770–71లో ప్రతి ఇంటికీ నంబరు వేశారు. 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి శాసనం చర్చి రిజిస్టర్లకు గళ్ల పద్ధతిని నిర్దేశించింది. చెక్ భాషలో ‘మత్రికి’ అనే ఈ పుస్తకాల్లో ఒక జననపు వరుసను చూస్తే తేదీ, ఇంటి నంబరు, బిడ్డ పేరు, మతం, తల్లిదండ్రులు, జ్ఞానస్నానపు సాక్షులు, మంత్రసాని పేరు వరుసగా కనిపిస్తాయి. తరువాతి కాలపు నమోదుల్లో తాతల పేర్లూ వారి ఊళ్లూ చేరాయి. తండ్రి పేరు పక్కన ఉండే మాట అతని స్థితిని పట్టిస్తుంది: ‘సెడ్లాక్’ అంటే నిండు కమతం గల రైతు, ‘ఖలుప్నీక్’ అంటే కొద్దిపాటి భూమి గల చిన్న రైతు, ‘పొడ్రూహ్’ అంటే సొంత ఇల్లు లేక పరుల పంచన ఉండేవాడు. మరో మెలిక కూడా ఉంది. పాత కాలంలో, ముఖ్యంగా దక్షిణ బొహీమియాలో, మరొకరి కమతంలోకి అల్లుడిగా వెళ్లినవాడికి ఆ ఇంటి పేరే అంటుకునేది కనుక, ఇంటిపేరును మాత్రమే పట్టుకుపోయినవారు దారి తప్పుతారు. ఇంటి నంబరును పట్టుకున్నవారు నిలదొక్కుకుంటారు. స్లోవాక్ వైపు రిజిస్టర్లు లాటిన్‌లోనో హంగేరియన్‌లోనో ఉండి, ష్టెఫాన్ కాస్తా ఇష్ట్వాన్‌గా కనిపిస్తాడు. హంగరీ రాజ్యంలో ప్రభుత్వపు జనన మరణ నమోదు 1895 అక్టోబరు 1న గాని మొదలుకాలేదు.

ఇప్పుడు ట్ర్షెబోన్ వంటి చెక్ ప్రభుత్వ అభిలేఖాగారాలు ఈ పుస్తకాల పుటలను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచాయి కనుక సంఘాల అవసరం తీరిపోయిందనిపించవచ్చు. నిజానికి పుట కళ్లెదుట ఉన్నా, కుర్రెంట్ అనే పాత జర్మన్ గొలుసుకట్టు రాతను చదవలేనివారికి అది గీతల గుంపే. ఆ రాతను చదవడం నేర్పేవారు, ఒకే పేరున్న ఊళ్లలో సరైనదాన్ని తేల్చగలవారు ఇటువంటి సంఘాల్లోనే దొరుకుతారు. వేషధారణల ఉత్సవాలకన్నా వారసత్వానికి ఎక్కువ మేలు చేస్తున్నది ఈ చదువే.

చెక్ చట్టం ప్రకారం జనన రిజిస్టరు, అందులోని చివరి నమోదు తరువాత నూరేళ్లు గడిస్తే గాని అందరికీ అందుబాటులోకి రాదు. ఆ నూరేళ్లలోపు సంగతులకు ఇంట్లోని పెద్దలే ముఖ్యాధారం కాబట్టి, వంశవృక్షం కట్టదలచినవారు అభిలేఖాగారానికి ఉత్తరం రాయకముందే వారి దగ్గర కూర్చుని, పాత ఫొటోల వెనుక పేర్లూ ఊళ్లూ రాయించుకోవాలి.